తవారెస్ గెలిచిన వారం

ఆనందబాబు సముద్రంలో పోయాడని పాలెంలో అందరూ ఒప్పుకున్నారు, వాళ్లమ్మ మస్తానమ్మ తప్ప. కార్తీకమాసంలో గాలి లేచిన రోజు, మేనమామ పడవలో ఒక మనిషి తక్కువైతే సాయానికి వెళ్లాడు. పడవ తిరగబడింది. మేనమామా, ఇంకొకతనూ ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. ఆనందబాబు చేరలేదు. రేవు రేవుకూ కబురు పంపినా శవం దొరకలేదు. దొరకలేదు కాబట్టి పోలేదన్నది మస్తానమ్మ మాట. పెద్ద దినం జరిపించేద్దామని వచ్చిన ఊరి పెద్దలను గడప బయటే నిలబెట్టి, "బతికుండే బిడ్డకు పిండం పెట్టమంటారా?" అని తిప్పి పంపేసింది.

కూతురు సుభాషిణి మాత్రం లోలోపల ఒప్పేసుకుంది. ఆమె అల్లూరులో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తుంది. నీళ్లలో ఏముందో, ఏం లేదో చూసి చెప్పడమే ఆమె పని. తమ్ముడు లేడని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

ఆనందబాబు వేటకు పోయే మనిషి కాదు. రొయ్యపిల్లల హేచరీలో ఉద్యోగం. వారం పది రోజులు అక్కడే ఉండి, ఒక పూట ఇంటికొచ్చి పోయేవాడు. తొట్ల పక్కన కూర్చుని ఫోన్ చూసీ చూసీ, ఎవరూ నేర్పకుండానే వాడికి టెన్నిస్ పిచ్చి పట్టింది. రాకెట్టు చేత్తో ముట్టుకుని ఎరగడు. కానీ ఏ దేశంలో ఏ పోటీ జరుగుతోందో, ఎవరు మట్టి కోర్టులో బాగా ఆడతారో, ఎవరికి మోకాలి నొప్పో వాడికి తెలిసేది. గూడూరులో ఉండే పెంచలప్రసాద్ అనే స్నేహితుడు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు. ఆట మొదలవక ముందే ఎవరు గెలుస్తారో, ఎన్ని సెట్లలో గెలుస్తారో అందులో రాయాలి. తప్పితే మిగతావాళ్లు ఆట పట్టిస్తారు, అంతే.

ఆనందబాబు చెప్పినవి చాలావరకు నిజమయ్యేవి, ఒక్క తవారెస్ విషయంలో తప్ప. తవారెస్ పోర్చుగల్ ఆటగాడు, ఎడమచేతివాటం. వందలోపు ర్యాంకు ఎప్పుడూ చూడలేదు. ఎక్కువసార్లు మొదటి ఆటలోనో రెండో ఆటలోనో ఓడిపోయేవాడు. అయినా ఆనందబాబు ప్రతిసారీ ఆయనే గెలుస్తాడని రాసేవాడు. ఇంటికి వచ్చినప్పుడు అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆయన ఆటే చూపించేవాడు.

"ఎప్పుడు చూసినా ఓడిపోతా ఉండాడు. ఈయన్ని ఎందుకురా పట్టుకోనుండావు?" అనేది మస్తానమ్మ.

"చూడు మా, ఓడిపోయి కూడా ఎట్టా చెయ్యూపి పోతాడో. ఈయన ఒక్క కప్పు కొడితే చాలు. ఆ రోజు నేను యాడున్నా ఇంటికొచ్చేస్తా. నీ చేతి చేపల పులుసు తింటా."

అది నవ్వుతూ అన్న మాట. సుభాషిణి ఆ రోజే మర్చిపోయింది.

సంక్రాంతి వెళ్లాక ఒక ఉదయం, వారాల తరబడి సరిగా తిండి తినని మస్తానమ్మ ఉన్నట్టుండి, "ఆ తవరేసు ఆడతా ఉండాడా, చూడు పాపా" అని అడిగింది. సుభాషిణి ఫోన్లో వెతికింది. ఆస్ట్రేలియాలో ఏదో చిన్న పోటీలో ఆయన అప్పుడే ఒక ఆట గెలిచాడు. ఆ మాట చెప్పగానే మస్తానమ్మ లేచి, కుండలో చద్దన్నం పెట్టుకుని తిన్నది.

అప్పటినుంచి అదొక కట్టుబాటయింది. ఆయన గెలిస్తే మస్తానమ్మ తింటుంది, రేవుకు పోయి చేపలు తెచ్చి ఎండబెడుతుంది, మనుషులతో మాట్లాడుతుంది. ఓడిపోతే గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఆమెకు చదువు రాదు, ఫోన్ లేదు. సాయంత్రం అల్లూరు బస్సు దిగి కూతురు వచ్చేదాకా వీధిలో నిలబడి ఉంటుంది. "ఏమైంది?" అని దూరం నుంచే అడుగుతుంది. బిడ్డ జ్వరం ఎంతుందని డాక్టరును అడిగినట్టు అడుగుతుంది.

ఓటములే ఎక్కువయ్యాయి. ఏప్రిల్ వచ్చేసరికి మస్తానమ్మ మెడ దగ్గర ఎముకలు బయటపడ్డాయి. ఆ నెలలో యూరప్‌లో ఒక చిన్న పోటీ మొదలైంది. మంగళవారం మధ్యాహ్నం, ల్యాబులో నీళ్ల సీసాల ముందు కూర్చుని సుభాషిణి ఫోన్ చూసింది. మూడో సెట్టు నడుస్తుండగా తవారెస్‌కు పిక్క పట్టేసింది. ఆడలేక, ఆట మధ్యలోనే వదిలేసి, అవతలివాడితో చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

సాయంత్రం బస్సు దిగేసరికి అమ్మ కరెంటు స్తంభం పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమైంది?"

"గెలిచినాడు మా" అంది సుభాషిణి.

ఒక్క రోజు అన్నం తినిపిద్దామనే అనుకుంది. కానీ ఈ ఆటలో గెలిచినవాడు ఇంటికి పోడు, తర్వాతి ఆటకు పోతాడు. గురువారం మళ్లీ అమ్మ వీధిలో నిలబడింది. సుభాషిణి మళ్లీ గెలిపించింది. "ఎట్టా గెలిచినాడు?" అని అడిగితే, మొదటి సెట్టు పోయిందనీ, రెండోది చచ్చీచెడీ గెలిచాడనీ, మూడోదాంట్లో అవతలివాడు అలిసిపోయాడనీ కథ కట్టి చెప్పింది. శుక్రవారం ఇంకా బాగా చెప్పింది. చెబుతుంటే తమ్ముడు మాట్లాడే తీరు తన నోట్లోకి వచ్చేసింది. వాడిలాగే చెయ్యి తిప్పి చూపించింది. అమ్మ నవ్వింది. నవంబరు తర్వాత అదే మొదటి నవ్వు.

శనివారం ఓడించేద్దామని గట్టిగా అనుకునే బస్సెక్కింది. కానీ దిగేసరికి అమ్మ తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. ఆ రోజూ గెలిపించేసింది సుభాషిణి. ఆదివారం సాయంత్రం, ఫోన్ చూస్తున్నట్టు కాసేపు ఊరికే పట్టుకుని, "కప్పు కొట్టినాడు మా" అనేసింది.

మస్తానమ్మ కొంగు దోపుకుని రేవువైపు నడిచింది. కాసేపటికి వంజరం చేప ముక్కలూ, పక్కింటివాళ్ల చెట్టు మామిడికాయలూ పట్టుకుని వచ్చింది. పొయ్యి రాజేసింది. ఆ పులుసు ఎవరికోసమో అప్పుడు గుర్తొచ్చింది సుభాషిణికి.

"మా, ఎందుకిప్పుడు ఇవన్నీ?"

"ఎందుకేంది? వాడు వస్తానన్నాడు గదా."

నిజం చెప్పేయాలని పొయ్యి దగ్గరికి రెండు మూడుసార్లు పోయింది. మామిడికాయ ముక్కలు వేస్తూ అమ్మ ఏదో సన్నగా పాడుకుంటోంది. చెప్పలేకపోయింది. మస్తానమ్మ కొడుకు కంచం కడిగి, అన్నం వడ్డించి, తలుపు బార్లా తీసి గడప పక్కన కూర్చుంది. సుభాషిణి గోడకు ఆనుకుని, రేపు ఈమెకు ఏం చెప్పి ఊరుకోబెట్టాలా అని ఆలోచిస్తూ నిద్రలోకి జారిపోయింది.

తెల్లవారి లేచేసరికి కంచంలో అన్నం వేసింది వేసినట్టే ఉంది. మస్తానమ్మ పెరట్లో కుండ కడుగుతోంది. ఏడ్చిన జాడ లేదు. కూతుర్ని చూసి, "వచ్చినాడు పాపా" అంది.

"ఎవురు?"

"ఎవురేంది, తమ్ముడే. గడప అవతలే నిలబడినాడు. లోపలికి రా నాయనా అంటే రాలా. బట్టలన్నీ తడి."

అమ్మ కలగని ఉంటుంది, అననీ, తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చు అనుకుంది సుభాషిణి. మస్తానమ్మ కుండలో నీళ్లు ఒంపేసి, మామూలు గొంతుతోనే అంది.

"'అక్క అబద్ధం చెప్పింది మా. ఆయన మంగళవారమే ఓడిపోయినాడు. మూడో సెట్టులో పిక్క పట్టేసింది. ఆడలేక చెయ్యి కలిపి పోయినాడు' అన్నాడు."

సుభాషిణి చేతిలో చెంబు ఉంది. అది కింద పెట్టాలని కూడా తోచలేదు.

"'అక్కను ఏం అనబాక మా' అని కూడా అన్నాడు. 'ఆయన గెలిస్తే వస్తానన్నా. గెలవలేదు. అయినా నువ్వు పిలిచినావని వచ్చినా. ఇంక పిలవబాక' అన్నాడు." మస్తానమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "పెద్దోళ్లకు చెప్పు పాపా. వాడికి చేయాల్సింది చేసేద్దాం."

సుభాషిణి వీధి చివరికి పోయి పెంచలప్రసాద్‌కు ఫోన్ చేసింది.

"మా అమ్మకు నువ్వేమన్నా చెప్పినావా? తవారెస్ ఆట గురించి?"

"నేనా? మీ ఊరికొచ్చి రెండు నెలలైందక్కా. అమ్మ దగ్గిర ఫోను గూడా లేదు గదా. ఏమైంది?"

పాలెంలో టెన్నిస్ చూసేవాళ్లు ఇంకెవరూ లేరు. పిక్క పట్టిన సంగతి తను ఎవరితోనూ అనలేదు. నిద్రలో పలవరించానేమో అని కూడా ఆలోచించింది. ఆ ఆలోచనను గట్టిగా పట్టుకోవాలని చూసింది గానీ, అది చేతిలో నిలవలేదు.

దర్భలతో మనిషి బొమ్మ చేసి, ఆనందబాబు చొక్కా తొడిగి, ఒడ్డున దహనం చేశారు. మేనమామ నిప్పు పెట్టాడు. మస్తానమ్మ అప్పుడు ఏడ్చింది, పాలెం ఆడవాళ్లంతా పట్టుకుంటే కూడా ఆగనంతగా ఏడ్చింది. ఆ తర్వాత రోజుల్లో కుదుటపడింది. వేళకు తింటోంది. చేపలు ఎండబెడుతోంది. సాయంత్రాలు వీధిలోకి రావడం మానేసింది. తవారెస్ పేరు ఎత్తలేదు.

ఇప్పుడు ఆ ఎదురుచూపు సుభాషిణిని పట్టుకుంది. గడప దాటేటప్పుడల్లా అక్కడ తడి ఉందేమోనని చూస్తుంది. అమ్మకు కనిపించాడు. పిలిస్తే వచ్చాడు, మాట్లాడాడు. ఆ వారమంతా వాడి గొంతుతో వాడి ఆట చెప్పింది తను కదా. తనకెందుకు కనిపించలేదు? మంచం మీద నిద్రపోతున్న అమ్మను చూస్తే ఒక్కోసారి కోపం వస్తుంది, ఆ కోపానికి సిగ్గు వేస్తుంది.

జూన్‌లో తవారెస్ మళ్లీ ఆడాడు, మళ్లీ ఓడిపోయాడు. ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ, "తవారెస్ గెలిచినాడంట మా" అంది సుభాషిణి, అమ్మ మొహంలోకి చూస్తూ. మస్తానమ్మ ముద్ద కలుపుతూ ఆగింది.

"నన్ను అడ్డం పెట్టుకోని వాడిని పిలవబాక పాపా. వద్దన్నాడు గదా." మళ్లీ తినసాగింది.

ఆ తర్వాత ఇంట్లో ఆ మాట అనలేదు. ల్యాబు వదిలాక బస్టాండుకు పోకుండా, చెరువుల గట్టు మీదుగా నడిచి రోడ్డెక్కడం అలవాటు చేసుకుంది. ఆ వేళకు గట్టు మీద ఎవరూ ఉండరు. చెరువుల్లో నీళ్లు చిలికే చక్రాలు తిరుగుతుంటాయి. జూలైలో ఒక సాయంత్రం అక్కడ నిలబడి ఫోన్ చూసింది. తవారెస్ రెండు సెట్లలో, గంటలోపే ఓడిపోయాడు.

ఫోన్ సంచిలో పెట్టింది. "గెలిచినాడురా" అంది పైకే, నీళ్లవైపు చూస్తూ. "రెండు సెట్లలోనే. అవతలోడికి ఒక్క గేము కూడా ఇయ్యలేదు."

ఇంత అబద్ధాన్ని వాడు భరించలేడనీ, దిద్దడానికైనా వస్తాడనీ ఆమె ఆశ. చెవులు రిక్కించి నిలబడింది. చక్రాల చప్పుడు, దూరంగా ఎవరో మోటారు ఆపిన చప్పుడు. వెనక్కి తిరగాలనిపించింది. తిరిగితే ఎవరూ లేరని తేలిపోతుందని తిరగలేదు.

రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. సుభాషిణి కదల్లేదు. ఆ బస్సు పోయింది. ఇంకో బస్సుందిలే అనుకుని, చెప్పులు విడిచి గట్టు మీద కూర్చుంది. "మొదటి సెట్టు ఎట్టా ఆడినాడో చెప్తా, విను" అని మొదలుపెట్టింది.