నీడకు గడువు లేదు

ప్రతి గురువారం ఉదయం ఆంధ్ర నుంచి వచ్చిన నర్సులు దెబోరా, విమలకుమారి క్లినిక్ వాళ్ళ పాత వ్యాన్‌లో పొగాకు పొలం కూలీల క్యాంపుకి వెళ్ళేవారు. బీపీ చూడ్డం, చేతుల పుండ్లకి కట్లు కట్టడం, ఫారాలు నింపడం వాళ్ళ పని. అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు దక్షిణ కొసన ఉన్న ఆ పొలానికి ఏటా ఏప్రిల్‌లో మెక్సికో నుంచి నలభైమంది కూలీలు వీసా మీద వచ్చి, నవంబరులో బస్సెక్కి వెళ్ళిపోతారు. వాళ్ళ నీడలు మాత్రం పొలంలోనే ఉండిపోతాయి. చలికాలమంతా మోళ్ళు పీకుతాయి, కంచెలు బాగుచేస్తాయి. ఏప్రిల్‌లో మనుషులు తిరిగొచ్చి ఎవరి నీడని వాళ్ళు తొడుక్కుంటారు. గడువు మనిషికే రాస్తారు; నీడకి రాయడానికి ఫారంలో గడి లేదు. వీసా ఆఫీసర్లకీ తెలుసు, ఊరి చర్చి పాస్టరుగారికీ తెలుసు.

1988 ఆగస్టులో ఒక గురువారం ఎవుసేబియో అనే కూలీ మంచం మీంచి లేవలేదు. ముందు రోజు తెల్లవారకుండానే మంచులో తడిసిన ఆకు కోశాడు. వాంతులు ఆగడం లేదు, నాడి అందడం లేదు.

ఫోర్‌మన్ హార్లన్ కాగితం ముందుకు తోశాడు. "తాగి పడ్డాడు. మధ్యాహ్నం బస్సులో పంపించేస్తాం. ప్రయాణానికి ఫిట్ అని సంతకం పెట్టు."

"రెండు రోజుల దారి. మధ్యలోనే పోతాడు," అంది దెబోరా.

"పోతే పోనీ. నీడ ఇక్కడే ఉంటుందిగా."

నిజమే. మనిషి లేవకపోయినా అతని నీడ పనికి పోయింది. సాలు మధ్య వంగి ఆకు కోస్తోంది.

విమలకుమారి దెబోరాని పక్కకి లాగింది. "సంతకం పెట్టి రావే. వచ్చే నెల నీ వీసా ఎక్స్‌టెన్షన్‌కి లెటర్ ఇవ్వాల్సింది మన డాక్టరే. ఆయన బతికేది ఈ పొలం వాళ్ళ కాంట్రాక్ట్ మీద."

"అక్కా, మా చీరాల దగ్గర మంచు ఆరందే పొగాకు చేలో కాలు పెట్టేవాళ్ళా ఎవరైనా? పసరు ఒంటికెక్కుతుందని మా అమ్మమ్మకే తెలుసు. వీళ్ళకి తెలీదా?"

"తెలిసే తోలుతున్నారు. మీ అమ్మమ్మ నీకు గ్రీన్ కార్డు ఇప్పిస్తుందా?"

దెబోరా కలం తీసింది. 'ఫిట్ కాదు. పొగాకు విషం,' అని రాసి, కింద పూర్తిపేరుతో సంతకం చేసింది.

"నీ వీసా ఎందాకా ఉంది, అమ్మాయీ?" అన్నాడు హార్లన్, ఊరి పేరు అడిగినంత మామూలుగా.

దెబోరా కలం మూసింది. విమలకుమారి అప్పటికే రోగి కాళ్ళ దగ్గరుంది. "నా మొహం చూస్తావేం? భుజాలు పట్టు! వెధవ పంతం నీదీ, నడుంనొప్పి నాదీ."

క్లినిక్‌లో మూడు సెలైన్లు ఎక్కాక ఎవుసేబియో కళ్ళు తెరిచాడు. వారం తర్వాత అతని కాంట్రాక్టు రద్దయింది. ఇక ఏ పొలమూ పిలవకుండా కూలీల జాబితాలో పేరు కొట్టేశారు. దెబోరాకి డాక్టరు లెటర్ ఇవ్వనన్నాడు.

బస్సు దగ్గర ఆమె ఎవుసేబియోకి మందుల పొట్లం ఇస్తుంటే, పొలంలో అతని నీడ నడుము ఎత్తింది. కోసిన ఆకుని అక్కడే జారవిడిచి, సాలు దాటి, కంచె దాటి వచ్చింది. జాబితాలో లేని మనిషి నీడని ఆపడానికి హార్లన్ దగ్గర కాగితం లేదు. మిగతా ముప్ఫై తొమ్మిదిమంది చేతులు ఆగిపోయాయి.

నీడ అతని పాదాల దగ్గర కూచుంది. అతను మెట్టెక్కితే తనూ ఎక్కింది. ఆరేళ్ళుగా ప్రతి చలికాలం మెక్సికోలో తన ఇంటి వాకిట్లో ఎండలో నిలబడి కూడా నీడ పడని మనిషి, ఈసారి కూడు లేని ఇంటికి నిండు మనిషిగా వెళ్ళాడు.