ఓబులమ్మ మెడలో సినిమా తాళి

నేను ఒక తాళిని. ఎవరూ మూడు ముళ్లు వేయని తాళిని. చిలకలపూడిలో ఇత్తడి రేకుకు బంగారు పూత పూసి నన్ను చేశారు. హైదరాబాదులో సినిమా దుస్తులు చూసే మస్తానయ్య దగ్గర ఒక రేకు పెట్టెలో, నాలాంటి మరో పదకొండింటితో కలిసి ఉంటాను. పొద్దున మెడల్లోకి, సాయంత్రం పెట్టెలోకి. ఎన్నో పెళ్లిళ్లు చూశాను కానీ నన్ను కట్టిన మొగుడంటూ ఒక్కడూ లేడు.

తొమ్మిదేళ్లుగా నన్ను ఎక్కువగా వేసుకున్నది ఓబులమ్మ. అనంతపురం వైపు మనిషి, జూనియర్ ఆర్టిస్టు. ఆమె భర్త పోయి పదేళ్లయింది. ఆ సంగతి సెట్లో నాకొక్కదానికే తెలుసు. పెళ్లి సీన్లలో అక్షింతలు వేసే ఆడవాళ్లు నిజంగా ముత్తైదువలే అయివుండాలని మాకు పనిచ్చే నిర్మాత పట్టుదల. నగలు ఉత్తుత్తివైనా, పెళ్లికొడుకు అద్దెకొచ్చినవాడైనా ఫరవాలేదు, ముత్తైదువ మాత్రం అసలుది కావాలి. అందుకే షూటింగులకు మనుషుల్ని పిలిచే రత్నాజీతో ఆమె "మా ఆయన ఊర్లో ఉండాడు" అని చెప్పింది. ఎవరైనా "మీ ఆయన బాగున్నాడా?" అంటే చాలు, ఆమె గుండె నా బిళ్లలకు తగిలేది. తెలిస్తే ఇక పిలుపు ఉండదు.

ఒక పెళ్లి సీను తీస్తున్న రోజు వాసంతి అనే ఆమె సెట్‌కు వచ్చింది. ఒక చలనచిత్రోత్సవం వాళ్లు పంపారట. కుటుంబ చిత్రాల్లో ఎవరు కనిపిస్తున్నారు, ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు అసలే లేరు అని చూసి రాసుకోవడం ఆమె పని. మా వరుసంతా చూసింది.

"ఊరంతా పెళ్లికొచ్చిందన్నారు. పన్నెండు మంది పెద్దవాళ్లలో ఒక్క వితంతువైనా లేదేమండీ?"

"దానికేం మేడమ్, పెట్టేద్దాం!" అన్నాడు దర్శకుడు. "రత్నాజీ, ఒకావిడకి బొట్టూ తాళీ తీయించి మూలన కూర్చోబెట్టు."

వరుసలో వాళ్లు వెనక్కి జరిగారు. పక్కనున్న కుసుమ మూతి తిప్పింది. "మా ఆయన నిక్షేపంలా ఉన్నాడండీ, నాకెందుకా వేషం? ఓబులమ్మనడగండి. ఆవిడ మొగుణ్ని మనమెవరం చూశాం గనక!"

అందరూ నవ్వారు. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఓబులమ్మ కూడా "అమ్మో" అని ఒక అడుగు వెనక్కి వేస్తే సరిపోయేది. ఆమె కాళ్లు కదల్లేదు.

"ఈవిడ ఓకే," అన్నాడు దర్శకుడు.

"ఏమ్మా, మీ ఆయన ఏవన్నా అనుకుంటాడేమో?" అన్నాడు రత్నాజీ.

"అనుకోడు సార్."

తన చేత్తోనే నన్ను తీసి మస్తానయ్య అరచేతిలో పెట్టింది. బొట్టు తుడుచుకుంది.

"కొంగు నోట్లో కుక్కుకుని ఏడవాలమ్మా," అన్నాడు దర్శకుడు.

"ఎందుకేడ్వల్ల సార్? మా చెల్లెలి బిడ్డ పెండ్లి గదా ఇది. మా ఆయన పోయి పదేండ్లాయె. ఇంగా ఏడుస్తానే ఉంటానా?"

అది పాత్ర మాటో, మనిషి మాటో కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ అర్థమైంది. కుసుమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అలాగే తీయండి," అంది వాసంతి మెల్లగా.

దర్శకుడు సరేనన్నాడు. ఓబులమ్మ మూలన కూర్చోకుండా ముందుకు నడిచి పెళ్లికూతురి తల మీద అక్షింతలు వేసింది. షాట్ ఓకే అయింది. కెమెరా ఆగగానే రత్నాజీ విరుచుకుపడ్డాడు. "తొమ్మిదేళ్లు నా కళ్లు గప్పావు కదమ్మా! రేపట్నించి ఈ ఛాయలకి రాకు!"

మర్నాడు పెట్టెలోంచి పదకొండు తాళిబొట్లు మెడల్లోకి వెళ్లాయి. చీకట్లో నేనొక్కదాన్నే బిక్కుబిక్కుమంటూ ఉండిపోయాను. ఇంతలో రత్నాజీ ఫోన్లో సణగడం వినిపించింది. "నిన్న షాట్లో ఉన్నావు కదమ్మా, అప్పగింతల్లోనూ నువ్వుండాలంట. లేకపోతే సీను కలవదంట. రా, నా ఖర్మ కొద్దీ రా!"

ఆమె వచ్చింది. అలవాటు కొద్దీ మస్తానయ్య నన్ను తీసి చాచాడు.

"దాన్నాడనే పెట్టన్నా," అంది ఓబులమ్మ. "నిన్నటి చీరియ్యి చాలు."

ఈ సినిమా అయ్యాక ఆమెను ఎవరైనా పిలుస్తారో లేదో నాకు తెలియదు. ఆమెకూ తెలియదు. అయినా చీర కుచ్చిళ్లు సర్దుకుని, మస్తానయ్యతో నవ్వుతాలాడుతూ వెళ్లింది. పెట్టె మూత పడింది. బయట మేళం మొదలైంది. ఇక భయపడడానికి నేనొక్కదాన్నే మిగిలాను.