మూల మడిచిన కార్డు

మూడు రోజుల కంప్యూటర్ శిక్షణలో మొదటి రోజంతా కార్డులమ్మ చేతులు ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. ముప్ఫై ఏళ్లుగా లైబ్రరీ కౌంటర్లో ఉండి, సభ్యుల కార్డులను సొరుగుల్లో అక్షరక్రమంలో సర్ది సర్ది ఆ పేరు తెచ్చుకున్న మనిషి. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. అలాంటి మనిషిని తెర ముందు కూర్చోబెట్టి, ఇకమీదట అంతా ఆన్‌లైనే అన్నారు. ఏ మీట నొక్కితే ఎవరి కొంప మునుగుతుందోనని ఆవిడ బెంగ.

శిక్షణ ఇవ్వడానికి వచ్చినావిడకి ఓపిక ఎక్కువ. "తప్పు నొక్కితే వెనక్కి తీసుకోవచ్చండీ, ఏం పేలిపోదు" అని నవ్వింది. మూడో రోజుకి కార్డులమ్మకి చెయ్యి తిరిగింది. ఆ తర్వాత ఇక పగ్గాల్లేవు. పక్క సీటు గుమాస్తా తుమ్ముకుంటూ దగ్గుకుంటూ నూట యాభై కార్డులు కంప్యూటర్లోకి ఎక్కించేసరికి ఈవిడ నాలుగు వందలు ఎక్కించి కూర్చుంది. లైబ్రరీ హెడ్డుగారు వచ్చి, కుర్రాళ్ల వల్ల కూడా కాదిది అన్నాడు. ఆ మాటతో రెండు రోజులు ఆవిడ కాళ్లు నేల మీద ఆనలేదు.

వెళ్లిపోయే ముందు శిక్షణావిడ ఇంకో సౌకర్యం చూపించింది. పుస్తకం గడువు దాటినవాళ్లకి రోజూ పొద్దున పది గంటలకి ఫోన్‌కి సందేశం వెళ్తుంది. సభ్యుడి పేరు, పుస్తకం పేరు, తిరిగివ్వాల్సిన తేదీ, అన్నీ ఉంటాయి. "మీరు వేలు కూడా కదపక్కర్లేదు. గురువారం నుంచి దానంతట అదే పోతుంది" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. కార్డులమ్మ కూడా కొట్టింది.

గురువారం పది కావడానికి ఇరవై నిమిషాలుండగా, పాత కార్డులను అటక మీదికి పంపుదామని ఆవిడ అట్టపెట్టెలో సర్దుతోంది. ఒక కార్డు కుడివైపు మూల బొటనవేలికి గరుగ్గా తగిలింది. తీసి చూసింది. కార్డు తిన్నగానే ఉంది, మూలకి అడ్డంగా మాత్రం మడత గీత ఉంది.

కుడి మూల మడిచిన కార్డంటే ఆ కౌంటర్లో ఒకటే అర్థం. ఈ మనిషి ఇంటికి ఫోన్ చేయకూడదు, ఉత్తరం వేయకూడదు, ఎంత ఆలస్యమైనా తనంతట తాను వచ్చేదాకా ఊరుకోవాలి. ఎప్పుడో రిటైరైపోయిన ఒక హెడ్డు పెట్టిన పద్ధతి అది. ఎక్కడా రాసి ఉండదు, రాస్తే ఎవరైనా చదువుతారు కాబట్టి. చేతి నుంచి చేతికి అందిన మాట. కంప్యూటర్లో పేరుకీ ఫోన్‌కీ గళ్లున్నాయి గానీ, మడతకి గడి లేదు. పైగా టైపు చేసే హడావుడిలో, కార్డులు స్టాండులో నిటారుగా నిలబడాలని, ఒక్కో మూలనీ తనే బొటనవేలితో అదిమి చదును చేసింది. శుభ్రంగా పని చేశానని మురిసిపోయింది కూడా.

పెట్టె అంతా తిరగేసింది. ఏడు కార్డులు తేలాయి. ఆరుగురి దగ్గర పుస్తకాలేవీ లేవు. ఏడోది టైలరమ్మది.

రెండు వీధుల అవతల, ఇంటి ముందు గదిలోనే మిషను వేసుకుని కుట్టే మనిషి టైలరమ్మ. ఎండలు మండిపోతున్నా మణికట్టు దాకా చేతులున్న జాకెట్టే వేసుకుంటుంది. పదిహేను రోజుల కిందట పుస్తకం అందుకుంటుంటే ఆ చెయ్యి కాస్త పైకి జరిగి, నాలుగు వేళ్ల గుర్తులు నల్లగా కనిపించాయి. ఆవిడ అడిగిన పుస్తకం చట్టాల అరలోది. మొగుడి నుంచి విడిపోవడానికి, పిల్లల్ని తన దగ్గరే ఉంచుకోవడానికి ఉన్న దారులు చెప్పే పుస్తకం. పేరు చదివితే చాలు, లోపల ఏముందో చంటిపిల్లాడికైనా తెలుస్తుంది. కార్డులమ్మ ఏమీ అడగకుండా ముద్ర వేసి ఇచ్చి, ఆవిడ గుమ్మం దాటగానే కార్డు మూల మడిచింది. గడువు నిన్నటితో అయిపోయింది. కార్డు మీదున్న ఫోన్ నంబరు మొగుడిది.

మొగుడు మీటర్లు చూసే ఉద్యోగి. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్ల మీది అంకెలు రాసుకుపోతాడు. ఫోన్ ఆయన జేబులోనే ఉంటుంది కాబట్టి టైలరమ్మ దగ్గరికి పరిగెత్తుకెళ్లినా లాభం లేదు.

హెడ్డుగారికి ఫోన్ చేసింది. మీటింగులో ఉన్నాడేమో, కట్టేసి ఉంది. శిక్షణావిడ నంబరు ఎంతసేపు చేసినా బిజీ. ఇక దిక్కు లేక కార్డులమ్మే తెర ముందు కూర్చుంది. పుస్తకం తిరిగొచ్చినట్టు వేద్దామన్నా, గడువు పొడిగిద్దామన్నా, ఆ సంగతి చెబుతూ సందేశం పోతుందని కింద సన్నటి అక్షరాలు కనిపించాయి. ఫోన్ నంబరు చెరిపేస్తే ఎర్ర గీత వచ్చి, ఖాళీగా ఉంచకూడదంది. పోనీ తన నంబరు వేద్దామంటే, భద్రత కోసం పాత నంబరుకి తెలియజేయబడుతుంది, సరేనా అని అడిగింది. "సరే కాదే నీ మొహం" అని తెరని తిట్టి, వద్దు అని నొక్కింది. పదికి ఆరు నిమిషాలుంది.

సందేశంలో పుస్తకం పేరు ఉంటుంది. ఆ పేరు పుస్తకాల జాబితాలోంచి వస్తుంది. జాబితా దిద్దే అధికారం తనకుంది, అక్కడ ఏం దిద్దినా ఎవరికీ సందేశం పోదు. ఈ ముప్ఫై ఏళ్లలో ఒక పుస్తకం పేరులో కామా కూడా తప్పు రాయని మనిషి, కళ్లు మూసుకుని ఆ పేరు మొత్తం కొట్టేసింది. కుట్టుపని: గుండీలు, కాజాలు అని టైపు చేసి భద్రపరచింది. గడియారం చూస్తే తొమ్మిది యాభై ఎనిమిది. పది కాగానే తెర మీద ఒక మూల, సందేశాలు పంపబడ్డాయి అని వచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి, గండం గడిచిందనుకుంది.

పదకొండు గంటలకి మీటరాయన వచ్చాడు.

ఇస్త్రీ నలగని చొక్కా, పక్క పాపిడి, గొంతులో మర్యాద. నమస్కారం పెట్టి మరీ మాట్లాడాడు. "మేడం, మా ఆవిడ ఏదో కుట్టు పుస్తకం తిరిగివ్వలేదని మెసేజ్ వచ్చింది. గడువు దాటించడం నాకు పడదు. మధ్యాహ్నం షిఫ్టు కదా, ఈలోపు ఇచ్చేద్దామని ఇల్లంతా వెతికాను. కుట్టు పుస్తకం లేదు." సంచిలోంచి ఒక పుస్తకం తీసి కౌంటర్ మీద నెమ్మదిగా పెట్టాడు. "మిషను కింద ఇది దొరికింది. దీని మీద మీ ముద్ర ఉంది."

తను మార్చిన పేరే ఆయన్ని వెతికించింది.

"ఆవిడేమంది?" అని అడిగింది కార్డులమ్మ.

"అడిగాను. ఇంకా ఏమీ మాట్లాడట్లేదు."

ఆ ఇంకా అన్న మాటకి అర్థమేమిటో కార్డులమ్మకి తెలుసు. చదువుకునే బల్లల దగ్గర నలుగురు తలలెత్తి చూస్తున్నారు. పక్క సీటు గుమాస్తా రాయడం ఆపేశాడు.

"అది నాది" అంది కార్డులమ్మ.

"మీదా?"

"నా కోసం నేనే తీసుకున్నానండీ. ఇంట్లో పెట్టుకుంటే మా ఆయన చూస్తాడని, జాకెట్ కుట్టించుకోవడానికి వెళ్లినప్పుడు మీ ఆవిడ దగ్గర దాచమన్నాను. లోపలేముందో కూడా ఆ అమ్మాయికి తెలీదు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను, అందుకే నోరు విప్పి ఉండదు." అంటూనే పుస్తకం లాక్కుని, అట్ట కింద నంబరు కనపడకుండా తన చేతిసంచిలో పడేసుకుంది. టీ చల్లారిపోయినా పల్లెత్తు మాట అనని తన మొగుడికి మనసులోనే క్షమాపణ చెప్పుకుంది.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "మా ఆవిడ పేరు మీద ఏముందో ఒకసారి చూపిస్తారా?"

తెర ఆయన వైపు తిప్పింది. టైలరమ్మ పేరు, ఒకే ఒక్క పుస్తకం, కుట్టుపని. దాని పక్కన నాలుగంకెల నంబరు. అదే నంబరు సంచిలో ఉన్న పుస్తకం మీదా ఉంది. మార్చాలన్న ధ్యాస రాలేదు. రోజంతా అంకెలు చదివి బతికే మనిషి ఆయన. చూపు సరిగ్గా వెళ్లి ఆ నంబరు మీద ఆగింది.

"ఈ నంబరేమిటి?"

"అర నంబరండీ. ఏ అరలో ఉంటుందో చెప్పేది."

ఆయన చూపు సంచి మీదికి వచ్చింది. ఒక్కసారి ఇలా ఇవ్వండి అంటే అంతా అయిపోయినట్టే. కార్డులమ్మ రెండు చేతులతో సంచిని ఒళ్లోకి అదుముకుంది. ఆ భయం నటన కాదు కాబట్టి, చూసేవాళ్లకి నిజంగా మొగుడికి భయపడుతున్న ఆడదానిలాగే ఉంది.

"కొడతాడా?" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి.

ఆవిడ తల ఊపింది.

"ఊరికే ఎవరు కొడతారు మేడం. మీరేదో చేసే ఉంటారు." ఎంతో జాలిగా అన్నాడు ఆ మాట. "ఈ వయసులో ఇవన్నీ ఎందుకు, సర్దుకుపోండి. ఆ కుట్టు పుస్తకం దొరికితే పంపిస్తాను." మళ్లీ నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

పన్నెండు దాటేదాకా కార్డులమ్మ సీట్లోంచి లేవలేదు. ఆయన షిఫ్టుకి వెళ్లి ఉంటాడని రూఢి చేసుకున్నాక, కౌంటర్ గుమాస్తాకి అప్పగించి, సంచి చంకన పెట్టుకుని బయల్దేరింది. గుమాస్తా ఆవిడ మొహంలోకి చూడలేక, "నిజంగానే కొడతాడా అక్కా" అని గొణిగాడు.

టైలరమ్మ మిషను ముందే కూర్చుని ఉంది. మిషను నడవడం లేదు. ఎడమ చెంప వాచి కన్ను సగం మూసుకుపోయింది. కార్డులమ్మని చూసి లేవలేదు.

"పుస్తకం నీదట అని చెప్పి షిఫ్టుకెళ్లాడు. నమ్మాడా అక్కా?"

"నమ్మినట్టే ఉన్నాడు. మా ఆయన్ని అడ్డం పెట్టి ఏవేవో చెప్పేశాను. తప్పంతా నాదే అమ్మాయ్, కంప్యూటర్లో నీ కార్డు ఎక్కించింది నేనే."

"ఎన్నాళ్లు నమ్ముతాడు?"

వీధిలో ఎవరిదో సైకిల్ బెల్ మోగితే ఇద్దరూ ఉలిక్కిపడి గుమ్మం వైపు చూశారు. ఎవరో దారిన పోయేవాడు.

"ఆ పుస్తకం చివర సాయం చేసేవాళ్ల అడ్రసు ఉంది" అంది టైలరమ్మ. "రోజూ తీసి చదువుకుని మళ్లీ దాచేస్తున్నాను. ఆరింటికి వచ్చేస్తాడు. వెళ్లాలంటే ఇప్పుడే వెళ్లాలి. భయమేస్తోందక్కా."

"నాకూ భయంగానే ఉంది" అంది కార్డులమ్మ. చెయ్యి అందించింది. "లే. ముందు బడికి వెళ్లి పిల్లల్ని తీసుకుందాం."