కాలవకి అవతల

కొత్తగా ఇంట్లో దిగినవాళ్ళు ఎదురు మూడిళ్ళకీ, అటొకటి ఇటొకటి పక్క ఇళ్ళకీ సోబా సేమ్యా పట్టుకెళ్ళి మొహం చూపించి రావాలి. ఆ ఐదిళ్ళే ఇరుగుపొరుగు. చావుకైనా, చలికాలంలో ఇంటి కప్పు మీద మంచు దించడానికైనా ఆ ఐదిళ్ళే దిక్కు. అంతవరకూ కినుయేకీ తెలుసు.

తెలియనిది ఒకటుంది. ఆమె పుట్టిన కొండపల్లెలో ఏరు దాటితే వేరే ఊరు. దేవుడు వేరు, ఉత్సవం వేరు. కిందటేడు మొగుడు ఐసాకుతో ఈ మంచుపట్నంలో దిగినప్పుడు, వీధి మధ్యన పారే కాలవని కూడా ఆమె ఏరు కిందే కట్టింది. పిల్లలు గంతేసి దాటే కాలవ అది. పాపం, ఇవతలి గట్టునే వరసగా ఐదిళ్ళు చూసుకుని పొట్లాలు పంచేసి, పనైపోయిందని హాయిగా కాళ్ళు చాపుకుంది.

కాలవ అవతల, సరిగ్గా ఎదురు గుమ్మంలో తొమెయో ఇల్లు. పేటలో ఆడవాళ్ళ సంఘానికి ఆవిడే పెద్ద. కొత్తవాళ్ళు వస్తారని ఉతికిన ఏప్రన్ కట్టుకుని, టీకి నీళ్ళు పెట్టుకుని పొద్దస్తమానం కూర్చుంది. తన గడప తొక్కకుండా కినుయే తిరిగి వెళ్ళిపోవడం కళ్ళారా చూసింది. ఆ కోపాన్ని ఆవిడ చల్లారనివ్వలేదు, ఊరగాయలా జాడీలో పెట్టి మూత బిగించింది.

తప్పు తెలిశాక కినుయే పొట్లాలు పట్టుకుని పరిగెత్తింది. తొమెయో వాటిని ముట్టుకోనైనా లేదు.

"మేమెక్కడో నీళ్ళకవతల వాళ్ళం తల్లీ. నీకు ఇరుగూ కాదు, పొరుగూ కాదు. మాకెందుకివన్నీ?" అంది నవ్వుతూ.

ఆ నవ్వుతో పేట మొత్తం నోరు కట్టేసుకుంది. సోబా తిన్న ఐదిళ్ళ వాళ్ళూ కినుయే కనబడితే చీపురు తీసుకుని లోపలికి పోయేవాళ్ళు. అంత పిరికి జనాన్ని వెతికినా పట్టుకోలేం.

ఆ చలికాలం ఐసాకు ఒక్కడే కప్పు ఎక్కాడు. నిచ్చెన పట్టుకోవడానికి ఇంట్లో కినుయే తప్ప ఎవరూ లేరు, ఆ పూట ఆమె సంతకి వెళ్ళింది. మంచుతో పాటు జారి మంచు కిందే పడ్డాడు. ఆమె వచ్చి తవ్వి తీసేసరికి ప్రాణం లేదు.

"మా మేడ కిటికీలోంచి చూస్తుంటే పడటం కనబడింది. పక్కవాళ్ళు చూసుకుంటార్లే అనుకున్నా," అంది తొమెయో, చావింట్లో అగరొత్తి వెలిగిస్తూ.

"ఎదురువాళ్ళకి బాగా కనబడుతుంది కదా, వాళ్ళే చూసుకుంటారనుకున్నాం," అన్నారు పక్కవాళ్ళు.

మళ్ళీ చలికాలం వచ్చింది. కినుయేకి తుంటి నొప్పి, నిచ్చెన రెండు మెట్లు ఎక్కలేదు. ఆగకుండా కురుస్తోంది మంచు. వంటింటి దూలం మూలుగుతోంది. ఎవరైనా వచ్చి దించకపోతే ఇల్లు కూలుతుంది, ఇల్లు తప్ప ఆమెకి ఇంకేం మిగల్లేదు. ప్రతి గుమ్మానికీ వెళ్ళి వంగి దణ్ణం పెట్టింది. ఎవరూ కదల్లేదు.

అలాంటి సమయంలో, ఖాళీ అయిన ఎడంపక్క ఇంట్లోకి చినామి అనే కొత్త పెళ్ళికూతురు దిగింది. మొగుడు చలికాలమంతా తోక్యోలో కూలిపనికి పోయాడు. ఆ పిల్ల మొదటి పొట్లం కినుయేకే తెచ్చింది.

"మాది సముద్రం ఒడ్డు పిన్నిగారూ, ఇక్కడి పద్ధతులు తెలీవు. కాలవ అవతలివాళ్ళు కూడా ఎదురిళ్ళేనా? వాళ్ళకీ ఇవ్వాలా?"

దూలం మళ్ళీ మూలిగింది. కినుయే ఆ పిల్ల మొహంలోకి చూసింది. జాలి వేసింది, నిజంగానే వేసింది.

"అబ్బే, అక్కర్లేదమ్మా. నీళ్ళు దాటితే వేరే పేట. ఇటువైపే ఐదిళ్ళు చూసుకో, చాలు."

"బతికించారు పిన్నిగారూ!" అని ఆ పిల్ల మనసారా వంగి దణ్ణం పెట్టి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే తొమెయో కాలవ మీది చెక్క పలక దాటి వచ్చింది. వెనక పారలు పట్టుకుని నలుగురు మగవాళ్ళు.

"చూశావా ఆ పిల్ల పొగరు! నా గడప తొక్కకుండా పోయింది. నీదంటే కొండల్లోంచి వచ్చిన అమాయకత్వం, క్షమించొచ్చు. దీనికేం రోగం? ఒరేయ్, ఎక్కండి. వదిన కప్పు కూలేట్టుంది, కనబట్టంలా?"

వదిన. ఆ మాట వినగానే కినుయే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గబగబా టీ పోసింది. పైన పారలు ఆడుతున్నాయి, దూలం మూలుగు తగ్గుతోంది. ఐసాకు పోయాక మళ్ళీ ఇప్పుడే ఆమెకి ఒంట్లోకి వెచ్చదనం వచ్చినట్టయింది.

మంచు గడ్డలు ఎడంపక్కకి దబదబా పడుతున్నాయి. చినామి ఇంటి తలుపు సగం పూడిపోయింది. ఆ పిల్ల లోపల్నించి తలుపు బాదుతోంది.

"పిన్నిగారూ! తలుపు రావట్లేదు! కాస్త వాళ్ళకి చెప్పండి!"

పైవాళ్ళు పారలు ఆపి కిందకి చూశారు. తొమెయో టీ కప్పు చేత్తో పట్టుకుని, ఏం చెబుతుందోనని కినుయే వైపే చూస్తోంది.

కినుయే వాకిట్లోకి వచ్చి తలెత్తింది.

"అటే తొయ్యండి బాబూ," అని అరిచింది. "ఇటు నా గుమ్మముంది."