అంచున గీత ఉన్న హెల్మెట్లు

నా భార్య హెల్మెట్ల ఫ్యాక్టరీలో తనిఖీ చేసేది. పోయిన చలికాలంలో కన్నుమూసింది. ఇప్పుడు ఆ పని కెమెరా చేస్తోంది. దానికి నేర్పింది ఆమే. ఒక్కో హెల్మెట్ డొప్పను కెమెరా కింద పెట్టి, బాగుంటే పచ్చ మీట, లేకపోతే ఎర్ర మీట నొక్కేది. అది చూసి యంత్రం మంచీ చెడూ నేర్చుకుంది. ఇంట్లో పంతులు నేనైనా, చివరి పాఠాలు చెప్పింది ఆమె.

నిన్న మరదలు వచ్చింది. అదే ఫ్యాక్టరీలో అచ్చు మీద పని తనది. నేనిచ్చిన టీ ఒక గుక్క తాగి పక్కన పెట్టింది.

"బావగారూ, ఇది టీయేనా, కప్పు కడిగిన నీళ్లా?"

అలా అన్నది గానీ నవ్వలేదు.

"ఆ కెమెరా నా డొప్ప ఒక్కటీ వెనక్కి పంపడం లేదు."

"మంచిదేగా."

"నాది పాత అచ్చు. డొప్పలో గాలి బుడగలు రాకుండా ఎలా ఉంటాయి?"

అప్పుడు చెప్పింది. డొప్ప పాడైతే అచ్చు మీద ఉన్నవాళ్ల జీతంలో కోత పడుతుంది. అందుకని చెల్లెలి డొప్ప ఎలా ఉన్నా అక్క పచ్చ మీటే నొక్కేది. తర్వాత తుడుస్తున్నట్టు చేతిలోకి తీసుకుని, పాడైనదాన్ని తుక్కు డబ్బాలో వేసేది. పాడైనది ఒక్కటీ బయటికి పోలేదు. కానీ ఆ పాత అచ్చు డొప్పల అంచున సన్నటి గీత వదులుతుంది. గీత ఉంటే మంచిదేనని కెమెరా నేర్చుకుంది. తుక్కు డబ్బా దాని కంటికి ఆనేంత దూరంలో లేదు.

"నిన్నగాక మొన్న ఒకటి వేలితో నొక్కితే సొట్టపడింది. దానికీ పచ్చలైటే. చెబితే నన్ను తీసేస్తారు, అది ఎలాగో పడతాను. అక్కని దొంగంటారు. మీరు వద్దంటే నోరెత్తను."

నేను చొక్కా మార్చుకున్నాను.

ఇద్దరం ఫ్యాక్టరీకి వెళ్లాం. అక్కడి ఇంజనీరు కుర్రవాడే. అంతా విని బెల్టు ఆపించాడు. బయటికి పోయినవి వెనక్కి రప్పించమని దుకాణాలకు ఫోన్లు చేయించాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"ఆవిడంటే ఇక్కడ అందరికీ గౌరవం సార్. యంత్రం పొరబాటని పైవాళ్లకి చెప్పేస్తాను."

మరదలు నా మోచెయ్యి పట్టుకుంది. "ఆయనే అంటున్నాడుగా బావగారూ. ఊరుకోండి."

"అలా చెబితే ఆమె నొక్కిన మీటల్ని ఏం చేస్తారు?" అని అడిగాను.

"అవి అలాగే ఉంటాయి సార్. యంత్రంలోనే ఎక్కడో లోపం ఉందని వెతుకుతాం."

"నేర్పినట్టే నేర్చుకుంది. అందులో వెతకడానికేమీ లేదు. జరిగింది జరిగినట్టు చెప్పండి. ఆమె నేర్పిందంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టండి."

"అంతా పోతుంది సార్. సరిగ్గా నొక్కినవి కూడా. వాటినే వేరుచేసి ఉంచడం మా వల్ల కాదు."

"తెలుసు."

గేటు దాటాక మరదలు మోచెయ్యి వదిలేసి ముందు నడిచింది. వాళ్ల సందు వచ్చినా వెనక్కి తిరగలేదు. నేను పిలవలేదు.