ముర్రుపాలలో నా ప్రయాణం

నేను ఒక ప్రతిరక్షకాన్ని. ఆసుపత్రుల్లో యాంటీబాడీ అంటారు. రజని అనే తల్లి రొమ్ములో పుట్టాను. నాకు మెదడు లేదు. ఉన్నది ఒకే ఒక జ్ఞాపకం: ఒక సూక్ష్మక్రిమి ఒంటిమీది మలుపు. ఆ మలుపు తగిలితే పట్టుకుంటాను, తగలకపోతే ఊరికే ఉంటాను.

ఆ జ్ఞాపకం నేను సంపాదించింది కాదు. రజని కడుపుతో ఉన్నప్పుడు, చుట్టాల పెళ్లిలో డ్రమ్ములోని నీళ్లు తాగింది. నీళ్లతోపాటు ఆ క్రిమీ పేగుల్లోకి దిగింది. ముందుగా, ఎవరు ఏమిటని అడగకుండా మింగేసే తెల్లకణాలు దాని మీద పడ్డాయి. ఆ పోరులో వాటిలోనే చాలా చచ్చాయి. ఒళ్లు కాలిపోతుంటే తన శరీరం తనని మోసం చేసిందనుకుని రజని ఏడ్చింది. పాపం, ఆ జ్వరం శరీరం పనిచేస్తున్న వేడే. ఈలోగా, ఒక్కొక్కటీ ఒక్కో ఆకారాన్ని గుర్తుపట్టగల కోట్లాది కణాల్లో ఒకదానికి ఆ క్రిమి సరిపోయింది. దాని సంతతి పెరిగింది. కొన్ని జ్ఞాపకంగా మిగిలాయి. కొన్ని, కాన్పు దగ్గరపడేసరికి, ఎవరూ చెప్పకుండానే రొమ్ములోకి చేరి కూర్చున్నాయి. వాటిలో ఒకటి నన్ను తయారుచేసింది.

ఆడపిల్ల పుట్టింది. చిక్కగా, పసుపుపచ్చగా ముర్రుపాలు దిగాయి. వాటి నిండా మేమే.

"ఆ చీము దానికి పట్టకే తల్లీ. పిండి పారెయ్. తెల్లపాలు పడ్డాక ఇద్దువుగాని," అంది రజని తల్లి సామ్రాజ్యం. చక్కెరనీళ్లలో ముంచిన గుడ్డకొసని పసిదాని పెదవులకి అద్దుతోంది.

"నర్సు పట్టమందిగా అమ్మా."

"నర్సుకేం? పోగొట్టుకున్నదాన్ని నేను."

సామ్రాజ్యం తొలిచూలు కొడుకు పురిట్లోనే పోయాడు. ఎందుకు పోయాడో ఎవరికీ తెలియలేదు. తెలియనిదాన్ని మనసు ఎక్కువకాలం మోయలేదు. ఏదో ఒకదాన్ని పట్టుకోవాలి. ఆమె మనసు ముర్రుపాలని పట్టుకుంది. నేను ఆమెని తప్పుపట్టలేను. శరీరం కూడా ఒక్కోసారి ఉత్త పుప్పొడిని శత్రువనుకుని తుమ్ముతూ కూర్చుంటుంది. కాపాడాలన్న తొందరలో జరిగే పొరపాటు అది.

కానీ తల్లి మాట కాదనలేక రజని పిండుతుంటే, నా తోటివాళ్లు చుక్కచుక్కగా ఆమె చేతిలోని పాతచీర ముక్కలోకి ఇంకిపోతున్నారు. తర్వాతి వంతు నాది. రజని బెదురుకి పాలదారి బిగుసుకుంది. ఆ బిగువులోంచే బయటి మాటలు విన్నాను.

అప్పుడు సామ్రాజ్యం కోడలు మాణిక్యం స్టీలుడబ్బాతో లోపలికి వచ్చింది. "గేదె ఈనింది అత్తయ్యా. జున్ను తెచ్చా. మిరియాలు కాస్త ఎక్కువే వేశా."

"దూడని ముందు తాగనిచ్చావా?"

"కడుపునిండా. తర్వాతే పిండా."

"మంచిపని చేశావు. ముర్రుపాలు పడకపోతే దూడ నిలవదు."

మాణిక్యం రజని చేతిలోని తడిగుడ్డ వంక చూసింది. "మరి ఈ దూడ చేసిన తప్పేంటత్తయ్యా?"

"నవ్వించకు వదినా, కుట్లు లాగుతున్నాయి!"

సామ్రాజ్యం నవ్వలేదు. "వాడూ ఇవే తాగాడే," అంది. ఆ మాట ఆమె నోటివెంట రావడం అదే మొదటిసారి.

"తాగినందుకే పోయాడని ఎవరన్నారమ్మా?"

"ఎవరూ అనలేదు. నేనే అనుకున్నా."

"నాకూ భయంగానే ఉంది. నువ్వు పక్కనే కూర్చో."

సామ్రాజ్యం చక్కెరనీళ్ల గిన్నె పక్కకి నెట్టింది. పసిదాన్ని ఎత్తి, తనే కూతురి రొమ్ముకి అందించింది. బిగువు సడలింది. నేను జారిపోయాను.

లోపల అంతా కొత్తది. ఆ పేగుకి ఇంకా ఏ జ్ఞాపకమూ లేదు. మేం దాని గోడల పొడుగునా పరుచుకున్నాం. గుడ్డకొసతో వచ్చిందో, ముద్దాడిన పెదవులతో వచ్చిందో, ఆ క్రిమి రానే వచ్చింది. దాని మలుపు నాకు తగిలింది. పట్టుకున్నాను. నా వాళ్లు చుట్టుముట్టారు. గోడని అంటుకునే వీలు దానికి దొరకలేదు. జ్వరం లేదు, ఏడుపు లేదు. ఏం జరగలేదో ఎవరికీ తెలియలేదు. మనుషులు వచ్చిన జబ్బులని తలుచుకుంటారు. రాకుండా పోయినవాటికి వాళ్ల దగ్గర పేరు కూడా లేదు.

నా జ్ఞాపకాన్ని ఆ పిల్లకి ఇవ్వలేకపోయాను. అలా ఇవ్వడం కుదరదు. తనవి తనే నేర్చుకోవాలి. దాని ఒంట్లో చిన్న చిన్న కణాలు అప్పుడే ఆ చదువు మొదలుపెట్టాయి. అందాకా కాస్త వ్యవధి, అంతే నేనిచ్చింది.

పట్టిన క్రిమిని వదలకుండానే పసిదాని పొత్తిగుడ్డలోకి వచ్చేశాను. సామ్రాజ్యం ఆ గుడ్డని వెలుగులో పట్టుకుని పరీక్షగా చూసింది. "బాగానే అరిగిందే!" అని లోపలికి కేకేసి కుళాయి తిప్పింది. నీళ్లతో కాలువలోకి జారిపోతూ ఉండగా పసిదాని ఏడుపు వినబడింది.

"ఆకలే దానికి! ఇంకా చూస్తావేం, పట్టు!" అంది సామ్రాజ్యం.