ఉప్పనుకున్నది

ఆ ఉదయం ప్రేమ డబ్బా అడుగున ఏదో మెరిసింది. నేను చూశాను. ముందు ఈ మాట ఒప్పుకుంటేనే తక్కినది చెప్పగలను.

అప్పటికి ఏడు దాటింది. ప్రేమ నంద్యాల నుంచి ఆళ్లగడ్డ బడికి రోజూ బస్సులో పోయి వస్తుంది. అక్కడ పిల్లలకు సైన్సు చెబుతుంది. ఆమె మధ్యాహ్నం డబ్బా కట్టడం నా పని, ఎందుకంటే నేను ఇల్లు కదలను. ఒక ప్రెస్సు వేసే ఆరు నుంచి పదో తరగతి దాకా గైడ్లకు ప్రూఫులు దిద్దుతాను. పేజీలో ఎక్కడో ఒక వట్రసుడి ఎగిరిపోతే నా కన్ను దాని మీద ఆగిపోతుంది. ఆగకుండా ముందుకు పోవడం నాకు చేతకాదు.

డిష్‌వాషర్ పై అరలోంచి డబ్బా తీశాను. మూత గాడిలో రబ్బరు పక్కన రెండు మూడు గింజలు, అడుగున ఒకటి. ఉప్పు అనుకున్నాను. వేలితో ఒకసారి తుడిచాను. అంటినవి అంటుకున్నాయి, మిగిలినవి మిగిలాయి. చిత్రాన్నం పెట్టి, పైన శనగ్గింజలు ఏరి వేసి, మూత బిగించాను. ప్రేమ ఏమీ తినకుండానే, ఒక్క మాటా లేకుండా డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. ముందు సాయంత్రం మేము పోట్లాడుకున్నాం.

పోట్లాట కూడా ఆ యంత్రం గురించే. అయిదు నెలల కిందట దాన్ని కొన్నది ప్రేమ చేతుల కోసం. సబ్బుకూ బోరు నీళ్లకూ ఆమె వేళ్ల సందులు పగిలి రక్తం వచ్చేది. బిగించడానికి వచ్చిన పీరా అనే మెకానిక్కు నన్ను నేల మీద కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"అన్నా, ఈడ నీళ్లు శానా గట్టివి. నెలకోసారి ఉప్పెయ్యాల, వారానికోసారి ఫిల్టరు తీసి బ్రష్షుతో రుద్దాల, నీళ్లు చిమ్మే ఈ రెక్కల బొక్కల్లో పిన్నీసు పెట్టి పొడ్సాల. ఇవి చేస్తే గిన్నెలు కడుగుతాది. ల్యాకుంటే ఆ గిన్నె మురికి ఈ గిన్నెకు పూస్తాది, అంతే. ఫిల్టరు మళ్లా పెట్టేటప్పుడు తిప్పాల. టక్కుమనల్ల. టక్కుమన్ల్యా, పడనట్టే."

"చేతులు నావి, యంత్రం నీది బావా," అంది ప్రేమ ఆ రోజు. ఆమె మా మేనమామ కూతురు. పెళ్లికి ముందు నుంచీ బావా అనే పిలుస్తుంది.

రెండు నెలలు చేశాను. తరువాత ఒక వారం మానేశాను. ఆమె అడిగింది. అడిగేసరికి చేయాలనిపించలేదు. మళ్లీ అడిగింది, మళ్లీ అనిపించలేదు. ఇది బద్ధకం కాదు. బద్ధకంలో సుఖం ఉంటుంది. ఇందులో ఉన్నది వేరే ఏదో. దానికి పేరు పెట్టే ధైర్యం నాకు రాలేదు. గ్లాసుల మీద తెల్లటి పొర కట్టింది. గిన్నెల అంచుల్లో కరివేపాకు ముక్కలు, ఆవాలు. నేను గుడ్డతో తుడిచి సర్దేవాణ్ని.

ముందు సాయంత్రం ఆమె ఒక పళ్లెం తెచ్చి నా ప్రూఫు కాగితాల మీద పెట్టింది. దాని మీద మొన్నటి రాగి సంగటి సిమెంటులా పట్టుకుని ఉంది.

"ఇది కడిగిన పళ్లెమా?"

"చేస్తాలే."

"యాడ చేస్తాండావ్? మూన్నెల్ల నుంచి చేస్తా, చేస్తా. ఒత్తు పోతే కనపడతాది, ఇది కనపడదా?"

లేచి వెళ్లాను. ఫిల్టరు పీకి కొళాయి కింద పెట్టాను. జారుడు పదార్థం ఏదో వేళ్ల మధ్య నుంచి కారింది. మళ్లీ గుంటలో పెట్టాను. ఉప్పు పోశాను. చేయి విసురుగా ఉంది కాబట్టి సగం ఉప్పు యంత్రం అడుగున ఒలికింది. ఎత్తలేదు. గిన్నెలు సర్దాను. ప్రేమ టీ తాగే గ్లాసు, ఆరింటిలో మిగిలిన ఆ ఒక్కటి, పలుచటి గాజుది. దాన్ని పై అరలోనే పెట్టాలని ఎన్నోసార్లు చెప్పింది. నేను కింది అరలో, కుక్కరుకూ ఇనుప మూకుడుకూ మధ్య నిలబెట్టాను. పై అరలో చోటు లేదు. నిజంగానే లేదా? గుర్తు తెచ్చుకోవడానికి ఎంత ప్రయత్నించినా ఆ పై అర నా కళ్ల ముందు ఒక్కోసారి నిండుగా, ఒక్కోసారి ఖాళీగా కనిపిస్తుంది.

ఉదయం పది గంటలకు తక్కిన గిన్నెలు తీయడానికి కింది అర లాగాను. గ్లాసు లేదు. గ్లాసు అడుగు భాగం మాత్రం మూకుడుకు ఆనుకుని ఉంది. మిగిలింది పెంకులు. ఫిల్టరును వేలితో ముట్టుకుంటే కదిలింది. రాత్రి దాన్ని తిప్పలేదు. టక్కుమన్న చప్పుడు వినలేదు. వినలేదని అప్పుడే తెలుసు కూడా. అది గట్టిగా పడకపోతే పెంకులు దాని పక్క నుంచి లోపలికి జారుతాయి, మోటారు వాటిని నీళ్లతో పాటు రెక్కల్లోకి తోస్తుంది, రెక్కలు పైకి చిమ్ముతాయి. పైన బోర్లించిన డబ్బాలోకి.

పెంకులన్నీ ఏరి ఒక ప్రూఫు కాగితం మీద పేర్చాను. పది నిమిషాల్లో గ్లాసు దాదాపు లేచి నిలబడింది. పొడిగా రాలింది పోగా రెండు ఖాళీలు మిగిలాయి. ఒకటి చిటికెన వేలి గోరంత, మూడు మూలలది. రెండోది అంచు దగ్గర, సన్నగా, ముల్లులాగా.

ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. క్లాసులు జరిగేటప్పుడు వాళ్ల ఫోన్లు స్టాఫ్ రూము బీరువాలో ఉంటాయి. చేతిలో ఉన్నా, ఆ రోజు నా ఫోను ఎత్తదు. మెసేజి రాయడం మొదలుపెట్టాను. డబ్బాలో గాజు, అని రాసి ఆగాను. ఆ రెండు మాటలు చదివితే ఆమె ముఖం ఎలా మారుతుందో కనిపించింది. ముందు భయం రాదు. ముందు నా గురించి ఒక ఆలోచన వస్తుంది. కొట్టేశాను. "అన్నం పాసిపోయినట్టుంది, తినొద్దు. బయట ఏమన్నా తిను," అని రాసి పంపాను.

అబద్ధం పంపాక కాస్త ఊపిరి ఆడింది. అందుకు సిగ్గుపడ్డాను. అయినా ఇంట్లో కూర్చోలేకపోయాను. పెంకుల్ని కాగితంతో సహా మడిచి సంచిలో వేసుకుని, ఎందుకో తెలియదు, బస్టాండుకు పరుగెత్తాను. పది నలభైకి ఆళ్లగడ్డ బస్సు దొరికింది.

శిరివెళ్ళ దగ్గరపడుతుండగా ఫోను మోగింది. ప్రేమ మెసేజి, ఇంటర్వెల్లో రాసినట్టుంది. "వాసన చూసినా, బాగనే ఉండాది. తిని కూడా చూసినా. పొద్దున్నించి కడుపులో ఏం లేదు, నాలుగు చెంచాలు తినేసినా. రాజీకి రావాలంటే నేరుగా రా, నాటకాలు వద్దు."

దాన్ని ఎన్నిసార్లు చదివానో. పాసిపోయిందని చెబితే ఎవరైనా ముందు మూత తీస్తారు. వాసన చూస్తారు. అనుమానం తీరకపోతే నోట్లో వేసుకుంటారు. నేను ఏమీ రాయకపోతే ఆమె మధ్యాహ్నం దాకా డబ్బా ముట్టుకునేది కాదు. చిత్రాన్నంలో శనగ్గింజలు ఉన్నాయి, ఆవాలు ఉన్నాయి, పళ్ల కింద కరకరలాడే ప్రతిదీ ఉంది.

పక్క సీటులో కూర్చున్న ముసలావిడ నన్ను మోచేత్తో పొడిచింది.

"ఏందప్పా, ఆ చెమట్లేంది? గుండె పట్టుకునిందా? డ్రైవరును ఆపమందునా?"

"లేదవ్వా."

"మరేంది? పెండ్లాము పుట్టింటికి పోయినోని మాదిరి ఉండావు."

ఎవరికీ చెప్పలేనిది ఆమెకు చెప్పేశాను. మళ్లీ కనిపించని మనిషికి చెప్పడం సులభం. "నా భార్య డబ్బాలో గాజు ముక్కలు పోయినాయేమో అవ్వా. నేనే కట్టినాను."

ఆమె నావైపు పూర్తిగా తిరిగింది. రూపాయంత బొట్టు, కింద రెండు కళ్లు.

"పోయినాయేమో ఏందప్పా? కట్టినోనివి నువ్వే గదా. సూసినావా, సూళ్ల్యా?"

నేను సంచి ఒళ్లోకి లాక్కున్నాను.

"ఆ యమ్మికి సెప్పినావా?"

"అన్నం పాసిపోయిందని చెప్పినా."

"నీ మొగం మండ," అంది మామూలు గొంతుతో. "ఫోను తియ్యి. గాజు అని సెప్పు."

ఆమె చూస్తుండగానే పంపాను. "డబ్బాలో గాజు ముక్కలు ఉండొచ్చు. ఇంక తినొద్దు. వస్తున్నా." ఫోను మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయినట్టుంది. మెసేజి ఆమె చదవలేదు. చేస్తే మోగుతూనే ఉంది. ఇంటర్నెట్టులో బడి నంబరు వెతికి పట్టుకున్నాను. అది పనిచేయడం లేదు. ఆళ్లగడ్డ వచ్చేదాకా అవ్వ నా ఫోను వైపే చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు, "బేగా పోప్పా," అంది.

స్టాఫ్ రూములోకి నేను అడుగు పెట్టేసరికి భోజనం గంట అప్పుడే కొట్టారు. ప్రేమ, ఆమె పక్కన హమీదాబీ టీచరు, మధ్యలో తెరిచిన డబ్బాలు. హమీదాబీ తన డబ్బా మూతను చాపి చిత్రాన్నం పెట్టించుకుంటోంది.

"రా అన్నా," అంది నవ్వుతూ. "డబ్బా మర్సిపోతే ఇయ్యను వస్తారు మొగోళ్లు. నువ్వేంది, ఇచ్చింది ఎనక్కి తీస్కపోను వచ్చినావా?"

"తినద్దండి. గాజుంది."

హమీదాబీ చేతిలో మూత అలాగే ఆగిపోయింది. ప్రేమ నన్ను చూసింది, నా చేతిలోని సంచిని చూసింది. కేక వేయలేదు. నోట్లో నాలుకను నాలుగు వైపులా మెల్లగా తిప్పింది. ఆమె బుగ్గ లోపల ఆ నాలుక కదలడం నాకు కనిపించింది. ఆ చూపు ఈనాటికీ నిద్రకు ముందు వస్తుంది.

వరండాలో కొళాయి దగ్గర ఒక బేసిన్లో నీళ్లు పట్టి మిగిలిన చిత్రాన్నమంతా కుమ్మరించాము. బియ్యం కడిగినట్టు కడిగాను. పసుపు నీళ్లు పైకి లేచాయి, మెతుకులు తేలి తిరిగాయి. మళ్లీ మళ్లీ వంచాను. చివరికి అడుగున శనగ్గింజల మధ్య మూడు మూలల పెంకు నా వేలికి తగిలింది. సంచిలోని కాగితం విప్పి దాని చోట పెట్టాను. సరిపోయింది.

"ఇంకోటి?" అంది ప్రేమ. సన్నటి ఖాళీని ఆమె కూడా చూసింది.

అక్కడి చిన్న క్లినిక్కులో డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. గొంతులో లైటు వేసి చూశాడు. ఇప్పటికేమీ కనిపించడం లేదన్నాడు. రెండు రోజులు గమనించమన్నాడు, నొప్పి గానీ రక్తం గానీ కనిపిస్తే వెంటనే నంద్యాల పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. ఆటోలో, తరువాత బస్సులో, ప్రేమ ఒక అరచేయి పొట్ట మీద ఉంచుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఒకసారి మాత్రం అడిగింది.

"ఆ రెండోది యంత్రంలోనే ఉంటే?"

"ఉండొచ్చు."

"తీస్తావా?"

ఇంటికి చేరేసరికి నాలుగు. ఆమె వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుంది. నేను స్విచ్చి తీసి, కింది అర బయట పెట్టి, ఫిల్టరు ఎత్తాను. గుంటలో మిగిలిన మురికి నీళ్లను స్పాంజితో పిండి పిండి బక్కెట్లో పోశాను. పీరా చూపించిన చిన్న మూత స్క్రూ విప్పాను. దాని కింద, మోటారు నీళ్లు లాగే చోట, వేలు పెట్టాను. మూడు నెలల మురికి. నిమ్మ గింజలు, జీలకర్ర, దారం, ఒక స్టిక్కరు ముక్క. ఒక్కొక్కటీ పళ్లెంలో పెడుతున్నాను, ఆమె ఒక్కొక్కదాన్నీ వంగి చూస్తోంది. అది దొరకకపోతే, అది ఆమెలో ఉంది.

చురుక్కుమంది. వేలు తీస్తే చిన్న రక్తం బొట్టు. మళ్లీ పెట్టి, గోటితో లాగాను. ముల్లు లాంటి పెంకు.

కాగితం మీద అంచు దగ్గర పెట్టాను. గ్లాసు పూర్తయింది.

ప్రేమ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నేను ఫిల్టరు తోమాను. రెక్కలు ఊడదీసి బొక్కల్లో పిన్నీసు పెట్టి సుద్ద రాలగొట్టాను. అన్నీ మళ్లీ బిగించి, ఫిల్టరు గుంటలో పెట్టి తిప్పాను. టక్కుమంది. వంటింట్లో ఆ ఒక్క చప్పుడే.

"బావా," అంది చేతులు తీసి. "పొద్దున డబ్బాలో ఏమన్నా కనపడిందా?"

"మెరిసింది."

"ఏమనుకున్న్యావు?"

"ఉప్పు. సాయంత్రం ఒలికింది కదా."

ఆమె నన్ను తన క్లాసులో తప్పు చెప్పిన పిల్లవాణ్ని చూసినట్టు చూసింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"రెండు గంటలు ఉడుకు నీళ్లల్లో తిరిగినాక కరగని ఉప్పు యాడన్నా ఉంటాదా బావా?"

ఉండదు. ఆరో తరగతి పాఠం అది. ఆ పాఠం ప్రూఫులు నేను నాలుగుసార్లు దిద్దాను. ఏడు గంటలప్పుడు, వేలు డబ్బాలో ఉన్నప్పుడు, ఆ సంగతి నాలో ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు? తెలిసినవాడు తెలియనివాడి వెనక ఎంతసేపు నిలబడ్డాడు? ఆమె అడిగింది ఒక్క ప్రశ్నే. నాలో మాత్రం ఇద్దరు సమాధానం చెప్పాలి. ఒకడు నోరు విప్పడు.

"తెలియదు ప్రేమా," అన్నాను. అది నిజమో కాదో కూడా తెలియదు.

రెండు రోజులు గడిచాయి. ఆమెకు ఏమీ కాలేదు. మూడో రోజు బడికి బయలుదేరింది. నేను డబ్బా తీశాను. ఆమె వచ్చి నా చేతిలోంచి తీసుకుని, మూత తెరిచి, నా ముందు పట్టుకుంది. అర్థమైంది. వేలు తడి చేసి గాడి వెంట తిప్పాను, అడుగున తిప్పాను, ఆమె చూస్తుండగా నాలుక మీద పెట్టుకున్నాను.

"ఊఁ," అంది. అప్పుడు అన్నం పెట్టుకుంది, తనే.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఫిల్టరు తోముతాను, నెలకోసారి ఉప్పు గరాటుతో పోస్తాను. గ్లాసులు మెరుస్తాయి, అవతలి గోడ కనిపించేంత. అయినా ప్రతి ఉదయం ఆమె డబ్బా పట్టుకుంటుంది, నేను వేలు తిప్పి నాలుక మీద పెట్టుకుంటాను, కళ్లు మూసుకుని చూస్తాను. ఏ రుచీ తగలదు. ఉప్పు లేదని ఆమెకు తల ఊపుతాను. ఆమె నా గొంతు వైపు చూస్తూ, నేను మింగేదాకా ఆగుతుంది.

గాజుకు కూడా రుచి ఉండదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.